దేవుడి మూట, మట్టి మూట

2022 కార్తీక మాసం. అప్పటికి ఒక తెలుగు దినపత్రికలో సిటీ రిపోర్టరుగా నా ఉద్యోగం ముప్పై ఏళ్లకు దగ్గరపడింది. నా బీట్ చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. బీట్ అంటే ఒక విలేకరికి అప్పగించిన ప్రాంతం. అక్కడ మోరీ పొంగినా, మంత్రి వచ్చినా రాయాల్సింది అతనే. మూడు పేటలూ చుట్టి రావడానికి గంటన్నర పట్టదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పేపరును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతారు. చిక్కడపల్లి సందుల్లో చాలామంది రాశిఫలాలూ మరణవార్తలూ చూసి పక్కన పడేస్తారు. నారాయణగూడ చాయ్ దుకాణాల్లో ఒకే పేపరు పది చేతులు మారుతుంది. ఎవరు ఎలా చదివినా మర్నాటికి అది పాత కాగితమే అని మేము అనుకునేవాళ్లం. అలా అనుకోకపోతే ఈ పని చేయడం కష్టం.

అది తప్పని నాకు తెలిసింది ఒక చిన్న వార్త వల్ల. ఆ వార్తలో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

అక్టోబరు చివరి వారంలో ఒక పొద్దున నారాయణగూడ చౌరస్తా దగ్గర చాయ్ తాగుతున్నాను. ఎదురుగా బస్సు ఆగింది. నలభై దాటిన ఒకావిడ రెండు మూటలతో దిగడానికి అవస్థ పడుతోంది. ఒకటి ఎర్ర గుడ్డలో కట్టిన మూట, అది నెత్తి మీద ఉంది. రెండోది గోనె మూట, చేతిలో ఉంది. కండక్టరు మెట్టు మీద నిలబడి అరుస్తున్నాడు.

"ఏందమ్మా, రెండు మూటలకు ఏమన్న పంచాయితా? ఒక్కదాంట్ల కట్టుకొని రారాదు?"

"పంచాయితే అన్నా. నీకు సమజ్ గాదు తియ్," అంది ఆవిడ వెనక్కి చూడకుండానే.

కాసేపు నిలబడి ఊపిరి తీసుకుంటుంటే నేనే పలకరించాను. రెండింటిలోనూ తెల్ల చామంతులే. మరి రెండు మూటలెందుకని అడిగాను.

"ఇది దేవునిది సారు. గిది మట్టిది."

మా వైపు మట్టికి పోవడమంటే చావుకు పోవడం. చిక్కడపల్లిలో ఒక గుడి సందులో దండలు కట్టే ఆమెకు ఎర్ర మూట. నారాయణగూడలోనే ఉన్న సమాధుల తోట గేటు దగ్గర పూల సిలువలు కట్టే అతనికి గోనె మూట. సమాధుల తోట ఆమె బస్సు దిగే చోటికి దగ్గర. అయినా ముందు రెండు మూటలూ మోసుకుని చిక్కడపల్లి దాకా నడిచి, దేవుడి మూట అప్పగించి, మళ్లీ వెనక్కి వచ్చి మట్టి మూట విప్పుతుంది. బస్సులో ఎంత రద్దీ ఉన్నా రెండింటినీ ఒకదానికొకటి తగలనివ్వదు. ఒకటి ఒడిలో, ఒకటి కాళ్ల దగ్గర. తెంపడం కూడా ముందు దేవుడి మూటకే. తెంపి, అది కట్టి, చేతులు కడుక్కున్నాకే రెండోది.

ఆమెను ఇక్కడ మాణెమ్మ అంటాను. చేవెళ్ల దాటి లోపలికి పోతే ఆమె ఊరు. ఉన్నది ముప్పై గుంటల చెలక, అంటే ముక్కాలెకరం. అందులో చాలాభాగం తెల్ల చామంతి. భర్త తోటపని చూసుకుంటాడు, అమ్మకం ఆమెది.

పూల వ్యాపారం బయట ఉన్నవాళ్లకు దుకాణం దగ్గర మొదలై దుకాణం దగ్గరే అయిపోతుంది. వెనక ఉన్న దారి పొడుగైనది. రైతు మాపటేళ తెంపిన పువ్వు ఊరి ట్రాలీ ఆటోలో నగరంలోని పెద్ద మార్కెట్‌కు వస్తుంది. అక్కడ కమీషన్ ఏజెంటు దుకాణంలో దిగుతుంది. ఏజెంటు దగ్గర టోకు వ్యాపారి కొంటాడు, టోకు వ్యాపారి దగ్గర చిల్లర వ్యాపారి, అతని దగ్గర దండలు కట్టేవాళ్లు. దేవుడి మెడలోకి చేరేసరికి పువ్వుకు ఒకటిన్నర రోజు వయసు. ఏ ధరకు పోయిందో రైతుకు తెలిసేది అమ్మకం అయిపోయాక తక్‌పట్టీ వచ్చినప్పుడే. తక్‌పట్టీ అంటే ఏజెంటు రాసిచ్చే అమ్మకం చీటీ. నచ్చకపోతే ఇంకో ఏజెంటు దగ్గరికి పోవచ్చు కదా అంటే, నారుకూ మందులకూ ముందే అతని దగ్గర అప్పు తీసుకుని ఉంటారు. అది తీరేదాకా పువ్వు అతని గుమ్మంలోనే దిగాలి.

మాణెమ్మ ఆ ఏడు ఎండాకాలంలో మేకలు అమ్మి ఏజెంటు బాకీ తీర్చేసింది. తనే బస్సెక్కి, తనే దుకాణాలు వెతుక్కుని, ఇద్దరిని సంపాదించుకుంది. ఇద్దరే. చామంతి విరగబూసేది కార్తీకంలో. నవంబరు రెండున క్రైస్తవులు తమవాళ్ల సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. సమాధుల పండుగ అంటారు. ఆ ఏడు అది కార్తీకంలోనే వచ్చింది. ఆమె ఏడాది బతుకంతా ఆ నాలుగైదు వారాల మీద పెట్టుకుంది. ఏజెంటు దారి మూసుకుని వచ్చింది కాబట్టి, ఈ రెండు గుమ్మాలు తప్ప ఆమెకు ఇంకోటి లేదు.

ఇదంతా ఆమె వెంట నడుస్తూ తెలుసుకున్నదే. మర్నాడు ఆమెతోపాటు చిక్కడపల్లి వెళ్లాను. దండలు కట్టే రాజేశ్వరి గుడి సందు మొదట్లో ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటుంది. వేళ్లు దారం మీద, కళ్లు వచ్చేపోయేవాళ్ల మీద.

"ఇయ్యాల లేటేంది? బస్సు పంచరైందా, నీ మొగుడు అలిగిండా?"

"మొగుడు అలిగితే ఇంకింత జల్ది వస్తుంటి అక్కా. బస్సే."

రాజేశ్వరి నవ్వుతూ మూట విప్పి ఒక పువ్వు తీసి వెనక్కి తిప్పి నాకు చూపించింది. "కాడ ఉన్నదా సారూ? లేదు. గోటితోని గిల్లుతది ఈమె. కత్తెర పెట్టదు. దారంల ఒక్కదానిపక్కన ఒక్కటి ఎట్ల కూసుంటదో సూడు. నిన్న మాపున తెంపినయి. మార్కెట్ పూలైతే మొన్నటియి. మాపటికే అంచులు ఎర్రబడ్తయి."

తెల్ల చామంతికి అదే ఇబ్బంది. ఒక్క చుక్క ఎక్కువ తడి తగిలినా, ఒక పూట ఆలస్యమైనా మచ్చ పడుతుంది. పసుపు పువ్వులో కనిపించనిది తెలుపులో దాగదు.

అక్కడి నుంచి సమాధుల తోటకు వెళ్లాం. గేటు పక్కన దేవదానం అనే పెద్దాయన వెదురు బద్దల చట్రాలకు పూలు గుచ్చి సిలువలు కడుతున్నాడు. వయసు అరవై పైనే. మాట మెత్తన, అందులో ముల్లు ఉంటుంది.

"మాణెమ్మ పువ్వు గుచ్చితే రెక్క రాలదు సార్. మూడు దినాలు నిలబడుతది. పోయినోళ్లకు మూడు దినాలు చాలు. ఉన్నోళ్లు అంతకంటే జల్దినే మర్చిపోతరు."

"గట్లనకు పెద్దయ్యా," అంది మాణెమ్మ.

"అబద్ధమా? పండుగ రేపెల్లుండి. ఆ దినం జూడు, ఎంతమంది తమ తండ్రి గోరీ ఏడున్నదని నన్నడుగుతరో."

వార్త రాయనా అని మాణెమ్మను అడిగాను. పేపర్లో వస్తే ఇంకో రెండు దుకాణాలవాళ్లు తమంతట తామే అడుగుతారేమో అని ఆమె ఆశ. అది నేనే పెట్టిన ఆశ కూడా.

"రాయి సారు. కని రెండు మూటలని రాయి. కలిపినట్టు రాయకు. జర యాది పెట్టుకో."

నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాని కింద గీత కూడా గీశాను.

వార్తకు పెగ్ కావాలి. పెగ్ అంటే ఈ వార్త ఈ రోజే ఎందుకు అన్నదానికి జవాబు, వార్తను తగిలించే కొక్కెం లాంటిది. సమాధుల పండుగ దొరికింది. ముందురోజు పేపర్లో బాక్స్ ఇస్తామన్నారు. నాలుగు గీతల మధ్య పెట్టే ప్రత్యేక వార్తను బాక్స్ అంటాం. చూడ్డానికి బాగుంటుంది, కాని చోటు తక్కువ. నేను రాసిన కాపీ ఎనిమిది వరుసలు ఎక్కువైంది.

ఆ ఎనిమిది వరుసలు నేనే తీశాను. డెస్క్ తీయలేదు. డెస్క్ అంటే మా కాపీలను దిద్ది పేజీలో పెట్టేవాళ్లు. విలేకరులకు ఏ తప్పు జరిగినా డెస్క్ మీదికి తోసే అలవాటు ఉంటుంది, అందుకే స్పష్టంగా చెబుతున్నాను. ఏజెంటు సంగతి తీస్తే వార్తకు అర్థం లేదు. మేకల సంగతి తీస్తే మనిషి కనిపించదు. దేవదానం మాట తీయబుద్ధి కాలేదు. మిగిలింది రెండు మూటల పేరా. అది ఆమె సొంత పట్టింపు, వార్తకు దానితో పనేముంది అనుకున్నాను. మొదటి వాక్యం మీద మాత్రం చాలాసేపు కూర్చున్నాను. "పొద్దున దేవుడి మెడలో, మధ్యాహ్నం సమాధి మీద. మాణెమ్మ తోట పూలకు రోజూ రెండు ప్రయాణాలు." రాశాక బయటకు చదువుకున్నాను. చెవికి ఇంపుగా ఉంది. డెస్క్ దాన్ని ఇంకా బిగించి హెడ్డింగ్ చేసింది: "ఉదయం గుడికి.. మధ్యాహ్నం గోరీకి". పక్కన సమాధుల గేటు ముందు ఒళ్లో తెల్లపూలతో మాణెమ్మ నవ్వుతున్న ఫొటో. అసలు పేరు, ఊరు, దండల సందు, అన్నీ ఉన్నాయి.

పేపరు వచ్చిన పొద్దున మా బ్యూరో చీఫ్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. అశోక్‌నగర్‌లో ఇద్దరు కుర్రాళ్లు నన్ను ఆపి, చిన్న రైతుల మార్కెటింగ్ మీద వ్యాసం ప్రశ్న వస్తే ఇది పనికొస్తుందని, కత్తిరించి పెట్టుకున్నామని చెప్పారు. సాయంత్రానికి ఆ బాక్స్ చిక్కడపల్లి కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అయితే వార్త లేదు. ఎవరో హెడ్డింగూ ఫొటో వరకు మాత్రమే ఫోన్‌లో ఫొటో తీసి, హెడ్డింగ్ చుట్టూ ఎర్ర గీత గీసి పంపారు. కింద ఒక్క ముక్క: "మనం దేవుడికి వేస్తున్న దండలు ఇవేనా?"

నాకు ఆ సంగతి అప్పటికి తెలియదు. మర్నాడు సమాధుల పండుగ రోజున రాజేశ్వరి అరుగు దగ్గరికి వెళ్లాను. మాణెమ్మ నోటి వెంట ఒక మంచి మాట వినాలనే వెళ్లాను, దాచడమెందుకు.

ఆమె ఆ రోజు మామూలుకు రెట్టింపు పూలు తెచ్చింది. ఎర్ర మూట అరుగు మీద ఉంది. రాజేశ్వరి దాన్ని విప్పలేదు. చేతిలో దారం కూడా లేదు.

"అక్కా, నా చేతులు సూడు. నీ ముంగటనే కడిగి విప్పుత," అంటోంది మాణెమ్మ. "ఎన్నడన్న రెండు కలిపిన్నా? నీకు ఎరుక లేదా?"

"నాకు ఎరుకనే మాణెమ్మా. నాకు ఎరుకైతే ఏం ఫాయిదా? పొద్దుగాల్నుంచి ఏడుగురు అడిగిండ్రు. ఒకామె నిన్న కొన్న దండ తెచ్చి నా ఒళ్లె ఏసి పోయింది. గోరీల మీదియి తెచ్చి దేవునికిస్తవా అని నలుగురిల అన్నది. నేను ఏం జెప్పాలె?"

"రెండు మూటలని జెప్పు."

"చెప్పిన. పేపర్ల అట్ల లేదు గదా అన్నరు."

అప్పుడు ఇద్దరూ నా వైపు చూశారు. మాణెమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే.

"రాయలేదా సారు?"

చోటు సరిపోలేదు అన్నాను. ఆ మాట ఆఫీసులో రోజూ పదిసార్లు అంటాం. ఆ అరుగు దగ్గర అంటే నాకే వింతగా వినిపించింది.

"గంత పెద్ద పేపర్ల," అంది మాణెమ్మ. ఎత్తిపొడిచినట్టు కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

సమాధుల తోట దగ్గరైనా సాగుతుందనుకున్నాం. ఆ రోజు గేటు ముందు రద్దీ విపరీతంగా ఉంది. కొవ్వొత్తులవాళ్లు, అగరొత్తులవాళ్లు, తెల్ల చీరల ఆడవాళ్లు, భుజాన పిల్లల్ని ఎక్కించుకున్న మగవాళ్లు. దేవదానం దగ్గర మాత్రం జనం ఆగి, ఏదో అడిగి, పక్క దుకాణానికి పోతున్నారు. వార్త వాళ్లూ చూశారు. అయితే వాళ్లకు అది తిరగబడి అర్థమైంది. నా ముందే ఒకాయన సిలువ చేతిలోకి తీసుకుని అడిగాడు.

"ఇవి గుడిలో పెట్టి తీసిన పూలా? మా అమ్మకు వాడిన పూలు పెడతామా అన్నా?"

"వాడినయి కావు బాబూ. తోట నుంచి సీదా వచ్చినయి."

"పేపర్లో పొద్దున గుడికి, తర్వాత ఇక్కడికి అని ఉంది కదా?"

దేవదానం సిలువ వెనక్కి తీసుకుని చట్రం మీద పెట్టాడు. "సార్ రాసిండు. సార్ ఈడనే ఉన్నడు. అడుగుండ్రి," అన్నాడు నన్ను చూపించి.

నేను చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు, తల ఊపాడు. కొనుక్కున్నది మాత్రం పక్క దుకాణంలో.

మధ్యాహ్నం మూడు గంటలకు జనం పలచబడ్డారు. దేవదానం కొన్ని సిలువలు అమ్మగలిగాడు. మట్టి మూటలో సగానికి పైగా మిగిలింది. మట్టి మూట పూలు ఎన్ని మిగిలినా ఇంటికి తీసుకుపోకూడదన్నది ఆమె పట్టింపు. వాటిని పట్టుకుని లోపలికి వెళ్లింది. ఎవరూ రాని సమాధులు ఎటువైపు ఉన్నాయో దేవదానం చూపించాడు. గోడ వారగా, గడ్డి పెరిగి, పేర్లు చెరిగిపోయిన రాళ్లు. ఒక్కో రాయి మీద గుప్పెడు గుప్పెడు పెట్టుకుంటూ పోయింది. దండం పెట్టలేదు, ఏడవలేదు. నాట్లు వేసినంత నేర్పుగా వరసలో పెట్టింది.

బయటికి వచ్చాక, అలాగే కట్టి ఉన్న ఎర్ర మూటను దేవదానం చూశాడు. "అవి గూడ పెట్టరాదమ్మా. ఎట్లయిన పాడైతయి. ఇంకా పది రాళ్లున్నయి."

"అవి దేవునియి పెద్దయ్యా."

"దేవుడు వద్దన్నడు గదా."

"దేవుడనలే. మనుషులన్నరు," అంది మాణెమ్మ. "వాళ్లు కలిపిన్నన్నరని నేను కలుపుతనా?"

ఆ మూట మొత్తం నేను కొంటానన్నాను. ముప్పై ఏళ్లలో నేను అన్న మాటల్లో ఇంత పనికిమాలినది ఇంకోటి ఉండదు.

"కొని ఏం జేస్తవ్ సారు? ఇంట్ల పోసుకొని ఏడుస్తవా?" అంది. వెంటనే తగ్గి, "నీ మీద కోపం లేదు. బస్సుకు టైమైతుంది," అని ఎర్ర మూట నెత్తికెత్తుకుంది. వచ్చిన మూట వచ్చినట్టే చేవెళ్ల బస్సెక్కింది. దాన్ని ఊరి గుడిలో ఇచ్చిందో, పెంటలో పోసిందో నేను అడగలేదు.

ఆఫీసుకు పోయి సవరణ వేయమని పట్టుబట్టాను. సవరణ అంటే ముందు వచ్చిన వార్తలో తప్పుంటే మర్నాడు వేసే దిద్దుబాటు. డెస్క్‌లో ఉన్న మిత్రుడు ఓపిగ్గా వార్త మళ్లీ చదివాడు.

"తప్పేది? పొద్దున గుడికిస్తుంది. నిజం. మధ్యాహ్నం సమాధులకిస్తుంది. నిజం. దేన్ని దిద్దమంటావు?"

అతను వాదన కోసం అన్నది కాదు. దిద్దడానికి నిజంగానే తప్పు లేదు. చివరికి నా పోరు పడలేక వివరణ పేరుతో నాలుగు వరుసలు వేశారు. చిక్కడపల్లిలో గుడికి ఇచ్చే పూలూ, సమాధుల దగ్గర అమ్మే పూలూ వేరువేరు మూటల్లో వస్తాయని, ఒకచోట వాడినవి మరోచోట వాడరని అందులో రాశాను.

అది వచ్చిన రోజు రాజేశ్వరి నన్ను చూసి తల పట్టుకుంది.

"మర్చిపోతుండిరి సారూ. రెండు దినాలాయె, ఒక్కళ్లు అడగలే. ఎల్లుండి నుంచి మాణెమ్మను మెల్లగ రమ్మందామనుకున్న. మళ్లీ యాదికి జేసినవ్. సమాధి అన్న మాట మళ్లీ ఏస్తిరి, గుడి అన్న మాట పక్కన మళ్లీ పెడ్తిరి. పూజ జేసుకునేటోళ్లకు గా రెండు మాటలు ఒక్కతాన కనబడితే చాలదా? మధ్యల వేరు అని రాసింది ఎవరు సదువుతరు?"

అంతకన్నా మంచి సంపాదకీయ పాఠం నాకు ఏ ఎడిటరూ చెప్పలేదు.

మాణెమ్మ ఇంకో వారం తిరిగింది. ముషీరాబాద్ వైపు ఒక దుకాణం, కవాడిగూడలో ఒకటి అడిగి చూసింది. ముషీరాబాద్ అతను ఆమె ముఖం చూసి, పేపర్లో వచ్చింది నువ్వే కదా అన్నాడట. కవాడిగూడ ఆమె ధర సగం చేసి అడిగిందట. ఇదంతా దేవదానం చెప్పాడు. ఆయన కొనడం మానలేదు. కాని పండుగ అయిపోయాక సమాధుల దగ్గర పువ్వుకు పని తక్కువ. రోజుకు ఒక చిన్న సంచెడు. దానికోసం రెండు బస్సులు మారి రావడం ఆమెకు గిట్టలేదు. తర్వాత ఆమె రావడం ఆగిపోయింది.

కార్తీకం ఇంకా కొన్ని రోజులుందనగా ఒక పొద్దున రాజేశ్వరి అరుగు ముందు నుంచి పోతుంటే, "సారూ, జర ఇటురా," అని పిలిచింది. అటూ ఇటూ చూసి, ముందున్న పూల కుప్పలోంచి ఒక తెల్ల చామంతి తీసి బోర్లించి చూపించింది. కాడ లేదు. గోటితో గిల్లిన గుర్తు.

"మాణెమ్మ వచ్చిందా?"

"ఆమె రాలే. చిల్లర మారుబేరపాయన తెచ్చిండు. మార్కెట్ పూలు." రాజేశ్వరి గొంతు తగ్గించింది. "సంచిల పది రకాల పూలున్నయి. పసుపువి, తెల్లవి, ఎవరెవరియో. మధ్యల ఇవి. ఎవరి చేతియో నాకు ఎరుకనే. నిన్న రావాల్సిన పువ్వు ఇయ్యాల వచ్చింది, అంచులు గూడ ఎర్రబడ్డయి."

"కొనేవాళ్లు ఏమంటున్నారు?"

"ఏమంటరు? మార్కెట్‌వి అని చెప్తున్న. సంతోషంగ తీస్కపోతున్నరు. గదే మార్కెట్ నుంచి గోరీలకు పోతయి, శవాలకు పోతయి, పెండ్లిండ్లకు పోతయి. అది ఎవ్వరడగరు." దారం సూదికెక్కిస్తూ, "నీకు రాయమని చెప్తలేను," అంది.

మరుసటి రోజు పొద్దున్నే పెద్ద మార్కెట్‌కు వెళ్లాను. షెడ్డుల కింద కాలు పెట్టే చోటు లేదు. వాననీళ్లూ, నలిగిన రెక్కలూ కలిసి నేలంతా జారుడు. మాణెమ్మ ఒక ఏజెంటు దుకాణం ముందు వరసలో ఆఖరున కూర్చుంది. వదిలిపెట్టిపోయి తిరిగి వచ్చినవాళ్ల పువ్వు ఆఖరున దించుకోవడం అక్కడ రివాజు. ముందు దిగిన పువ్వుకు మంచి ధర. చివరి పువ్వుకు మిగిలిన ధర. ఆమె ముందు ఒకే ఒక గోనె సంచి ఉంది. ఎర్ర గుడ్డ లేదు.

నన్ను చూసి తల ఊపింది. కోపం లేదు, పలకరింపు కూడా పెద్దగా లేదు. ఏం మాట్లాడాలో తెలియక, ఇక్కడ రెండు మూటలు కట్టడం లేదా అన్నాను.

"ఈడ ఎవరికోసం కట్టాలె సారు? ఏడికి పోతయో నాకు ఎరుక లేదు. దేవునికి పోతయో, మట్టికి పోతయో. ఎరుక లేనప్పుడు పట్టింపేంది?"

"రాజేశ్వరి దగ్గరికి వచ్చాయి. ఆమె గుర్తుపట్టింది."

ఆమె ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. నవ్వు అనుకున్నాను, కాదు. "గట్లనా," అంది. "ఆమెకు చెప్పు, గుర్తువట్టిన్నని ఎవ్వరితోని అనొద్దని."

లోపలి నుంచి కేక వినిపించింది. ఆమె వంతు. దుకాణం మనిషి ఆమె సంచి లేపి నేలమీది తెల్లని రాశిలో గుమ్మరించాడు. అంతకుముందే ఆ రాశిలో పది ఊళ్ల పువ్వు ఉంది. ఒక చేత్తో రాశిని సవరించాడు. అంతే. ఎక్కడ ఆమెది ఆగి ఎక్కడ ఇంకొకరిది మొదలైందో కనిపెట్టడం నావల్ల కాలేదు.

"జర పక్కకు జరుగు సారు," అంది మాణెమ్మ. "నీతోని నిలబడితే అందరు జూస్తున్నరు."

జరిగాను.

తర్వాతి ఏడు ఆమె చామంతి తగ్గించి, ఆ మడుల్లో టమాట పెట్టిందని దేవదానం చెప్పాడు. నిజమో కాదో నేను పోయి చూడలేదు. ఆమె మళ్లీ ఏ పేపర్లోనూ కనిపించలేదు. ఇక్కడ ఆమె పేరూ, మిగతా ఇద్దరి పేర్లూ మార్చాను. ఊరు చెప్పలేదు.

ఎవరూ పట్టించుకోని మనిషి పేరు పేపర్లో వేయడం ఆ మనిషికి మేలు చేయడమేనని నేను ముప్పై ఏళ్లు నమ్మాను. రైతుకూ కొనేవాడికీ మధ్య నలుగురు ఉండడం వల్ల రైతు నష్టపోతాడని అప్పుడూ రాశాను, ఇప్పుడూ రాస్తాను. ఆ నలుగురి చేతుల్లో పువ్వు పేరు పోగొట్టుకుంటుంది. పేరు లేని పువ్వును ఎవరూ ఏమీ అడగరు. ఈ రెండో సంగతి అప్పటికి నాకు తెలియదు. నలుగురినీ తప్పించుకుని వచ్చిన మనిషికి మిగిలేది తన పేరు ఒక్కటే. దాన్ని నేను ఒక ఇంపైన వాక్యం కోసం వాడుకున్నాను.

రిటైరయ్యేదాకా ఇంకో రెండేళ్లు చిన్న వ్యాపారుల మీద, చేతిపనులవాళ్ల మీద రాస్తూనే ఉన్నాను. ఒక్క మార్పు చేసుకున్నాను. నోట్‌బుక్ మూసేముందు అడిగేవాణ్ని: రేపు పొద్దున మీ దగ్గర కొనేవాళ్లు ఎవరు, వాళ్లు దీన్ని సగమే చదివితే ఏమనుకుంటారు? చాలామంది నవ్వి, ఏమీ కాదు రాయండి అన్నారు. ముగ్గురు కాసేపు ఆలోచించి, వద్దు సార్ అన్నారు. ఆ మూడూ రాయలేదు. మంచి వార్తలే.